మొదటి పేజీలో చోటు

2019 సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు, అమ్మ షుగర్ మాత్రని సగానికి విరిచి వేసుకోవడం చూశాను. మిగతా సగం జాగ్రత్తగా రేకులోనే పెట్టి మడిచింది. ఇదేంటమ్మా అంటే, “పొద్దున్నే మెంతుల నీళ్ళు తాగుతున్నాగా. ఇరవై ఒక్క రోజులు తాగితే మాత్రతో పనే ఉండదంట” అంది. ఎవరు చెప్పారన్నాను. కళ్ళజోడు పెట్టుకుని ఫోన్ తీసి చూపించింది. “నెట్‌లో కొడితే అన్నిటికన్నా పైన ఇదే వచ్చిందిరా. పైన వచ్చిందంటే ఊరికే వస్తుందా?”

ఊరికే రాదు. ఆ సంగతి ఆ ఇంట్లో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. ఆ వ్యాసం రాసింది నేనే. కింద నా పేరు లేదు, ‘అడ్మిన్’ అని ఉంది. కానీ రెండో పేరాలో “మన పెద్దలు ఏదీ ఊరికే చెప్పలేదు” అనే వాక్యం నాది. నేను పనిచేసే సైటు కోసం అంతకుముందు జూన్‌లో, ఒక మధ్యాహ్నం, నలభై నిమిషాల్లో రాశాను. ఇంగ్లీషులో ఉన్న ఒక పేజీ చూసి రాశాను. అది కూడా ఇంకేదో పేజీ చూసి రాసిందేనని చదువుతుంటేనే తెలిసిపోతోంది. డాక్టరెవరూ దాన్ని చూడలేదు. రాయడానికి నలభై నిమిషాలు పడితే, పైకి తేవడానికి మా ఆఫీసు మూడు వారాలు పనిచేసింది.

అమ్మకి నిజం చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ ఆవిడ మాటే చెవిలో తిరిగింది. ఒక వరుసలో పైన ఉండటానికీ, నమ్మదగ్గదై ఉండటానికీ ముడి ఎప్పుడు పడింది, ఎవరు వేశారు? మా వృత్తిలో పదేళ్ళుగా ఉన్నవాళ్ళెవరికీ దాని చరిత్ర తెలీదు. నాకూ అప్పటిదాకా తెలీదు. తర్వాత వెతికి, చదివి తెలుసుకున్నది ఇది.

*

ర్యాంకు అనే మాట గురించి తెలుగువాళ్ళకి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఎంసెట్ ఫలితాలొచ్చిన సాయంత్రం టీవీల్లో ఊపిరి తీసుకోకుండా ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అని అరిచే ప్రకటనలు విని పెరిగిన తరం మాది. ర్యాంకొచ్చినవాడికి సబ్జెక్టు వచ్చా అని ఎవరూ అడగరు. ర్యాంకు ఎలా వస్తుందో కనిపెట్టి, దానికి సరిపడా మాత్రమే చదివించడం ఒక పరిశ్రమ అయి కూర్చుంది. వెబ్‌లో జరిగిందీ ఇంచుమించు ఇదే. కాకపోతే అక్కడ ప్రశ్నపత్రం తయారుచేసేవాళ్ళు మధ్యమధ్యలో చెప్పాపెట్టకుండా సిలబస్ మార్చేస్తుంటారు.

మొదట్లో వరుస అంటే అక్షరక్రమమే. అమెరికాలో ఎల్లో పేజీల్లో ముందుండటం కోసం కొళాయిలు బాగుచేసేవాళ్ళూ తాళాలు తీసేవాళ్ళూ తమ దుకాణాలకి ‘ఏఏఏ’ అని పేరు పెట్టుకునేవాళ్ళు. 1994లో స్టాన్‌ఫర్డ్‌లో జెర్రీ యాంగ్, డేవిడ్ ఫైలో మొదలుపెట్టిన యాహూ కూడా మనుషులు కూర్చిన జాబితాయే. ఒక్కో విభాగం కింద సైట్లన్నీ అక్షరక్రమంలో ఉండేవి. దాంతో ఎల్లో పేజీల విద్యే ఇక్కడా పనికొచ్చింది. మంచి పేరు అంటే ముందొచ్చే పేరు. ఇందులో మోసం అనదగ్గదేమీ లేదు కూడా. అక్షరక్రమంలో ముందున్నంత మాత్రాన పనిమంతుడని ఎవరూ అనుకోరు. చదివేవాళ్ళకి ఆ వరుస ఎందుకలా ఉందో తెలుసు.

ఆ తెలియడం అనేది 1995తో పోయింది. ఆ డిసెంబర్‌లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ ఆల్టావిస్టాని విడుదల చేసింది. అది పేజీల్లోని ప్రతి మాటనీ పట్టిక వేసి, అడిగిన మాట ఏ పేజీలో ఎక్కడుంది, ఎన్నిసార్లుంది అని చూసేది. అప్పటివరకూ వెబ్‌లో అంత లోతుగా వెతికిన యంత్రం లేదు. అందరూ ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం తీరిన కొన్నాళ్ళకే పేజీ అడుగున ఒకే మాటని వందసార్లు రాయడం మొదలైంది. అది చదివేవాళ్ళకి చిరాకు కలిగించకుండా తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో రాసేవాళ్ళు. మనిషికి కనపడదు, యంత్రానికి కనపడుతుంది. పేజీ వెనక, యంత్రం కోసమే అంటూ ‘కీవర్డ్స్’ అని ఒక గది ఉండేది. అందులో పక్కవాడి పేరు కూడా పెట్టేసేవాళ్ళు. 1997లో ఇలా తమ పేరు వాడుకున్న ఒక సంస్థ మీద ప్లేబాయ్ కాలిఫోర్నియా కోర్టుకెక్కి ఆంక్ష తెచ్చుకుంది. ఆ కీవర్డ్స్ గదిని ర్యాంకు కోసం తాము చూడటం లేదని గూగుల్ 2009లో బాహాటంగా ప్రకటించింది. అయినా 2010లో నేను చేరిన మొదటి ఆఫీసులో దాన్ని శ్రద్ధగా నింపించేవాళ్ళు. గుడి మూసేశాక కూడా బయట కొబ్బరికాయలు అమ్మినట్టు.

1996లో డానీ సలివన్ అనే మాజీ పత్రికా విలేఖరి, సెర్చ్ ఇంజన్లు పేజీల్ని ఎలా ఎంచుతాయో పరీక్షించి చూసి, తెలిసింది తెలిసినట్టు సైట్లు నడిపేవాళ్ళ కోసం రాసిపెట్టాడు. ఒకరకంగా ఈ వృత్తికి అదే బాలశిక్ష. 2017లో ఆయన వెళ్ళి గూగుల్‌లోనే చేరాడు. ఈ రంగంలో అటువాళ్ళు ఇటూ, ఇటువాళ్ళు అటూ అవడం మామూలే.

మాటలు లెక్కపెట్టే పద్ధతి ఎంత పాడైందో చెప్పడానికి సెర్గీ బ్రిన్, లారీ పేజ్ 1998లో తమ వ్యాసంలో ఒక చిన్న ఉదాహరణ ఇచ్చారు. 1997 నవంబర్ నాటికి నాలుగు పెద్ద సెర్చ్ ఇంజన్లలో, తన పేరు తనలో వెతికితే మొదటి పది ఫలితాల్లో తనని తాను కనుక్కోగలిగింది ఒక్కటేనట.

*

వాళ్ళు తెచ్చిన మందు పాతదే. అది నాకు బాగా నచ్చిన భాగం, కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

1873లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఫ్రాంక్ షెపర్డ్ అనే ఆయన లాయర్ల కోసం ఒక పట్టిక మొదలుపెట్టాడు. ఫలానా తీర్పుని ఆ తర్వాత ఏయే తీర్పులు ప్రస్తావించాయి, ఒప్పుకున్నాయా, కొట్టేశాయా అన్నది అందులో ఉంటుంది. కోర్టులో పాత తీర్పు చూపించేముందు అదింకా బతికే ఉందో లేదో లాయరు తెలుసుకోవాలి కదా. ఎనభై ఏళ్ళ తర్వాత యూజీన్ గార్ఫీల్డ్ ఈ పట్టికని చూసి, సైన్సు వ్యాసాలకి కూడా ఇలాంటిది ఎందుకుండకూడదు అనుకున్నాడు. 1955లో ‘సైన్స్’ పత్రికలో ఆ ఆలోచన రాశాడు. 1964లో ఫిలడెల్ఫియా నుంచి సైన్స్ సైటేషన్ ఇండెక్స్ అచ్చయింది. ఒక వ్యాసం విలువ దాని రచయిత చెప్పేది కాదు, దాని పేరులోని మాటలు చెప్పేదీ కాదు. తర్వాత వచ్చినవాళ్ళు తమ పని తాము చేసుకుంటూ, అవసరం పడి దాన్ని తలుచుకున్నారా అన్నదే లెక్క.

మనం పెళ్ళి సంబంధం చూసే పద్ధతి ఇదే. పెళ్ళివారు చెప్పింది ఎవరూ లెక్కలోకి తీసుకోరు. వీధి చివర కిరాణా కొట్టాయన యథాలాపంగా ఏమన్నాడో అదే లెక్క. కొట్టాయన గురించి నలుగురూ ఏమనుకుంటారో దాన్నిబట్టి మళ్ళీ ఆయన మాటకి విలువ. ఈ రెండో మెట్టునే బ్రిన్, పేజ్ లెక్కల్లో పెట్టారు. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకు ఉంటే అది ఓటు. ఓటేసే పేజీకి ఎవరెవరు ఓటేశారో దాన్నిబట్టి ఆ ఓటు బరువు. దానికి లారీ పేజ్ ఇంటిపేరు కలిసొచ్చేలా పేజ్‌ర్యాంక్ అని పేరు. వాళ్ళ పత్రంలో గార్ఫీల్డ్ ప్రస్తావన ఉంటుంది. లింకులు లెక్కపెట్టాలన్న ఊహ వాళ్ళొక్కరికే వచ్చింది కూడా కాదు. 1996లోనే రాబిన్ లీ అలాంటిది తయారుచేశాడు, తర్వాత చైనా వెళ్ళి బైదూ పెట్టాడు. పేజ్‌ర్యాంక్ పేటెంట్ స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీది. దానికి బదులుగా వచ్చిన గూగుల్ షేర్లని యూనివర్సిటీ 2005లో 33.6 కోట్ల డాలర్లకి అమ్ముకుంది.

ఇక్కడ మొత్తం కథకి కీలు ఒకటుంది. కిరాణా కొట్టాయన మాటకి విలువెందుకు? తన మాట వల్ల ఏం జరగబోతోందో ఆయనకి తెలీదు కాబట్టి. 1990ల్లో లింకు పెట్టినవాళ్ళూ అంతే. ఒక పేజీ నచ్చి, నలుగురికీ చూపిద్దామని పెట్టారు. అది ఓటని వాళ్ళకి తెలీదు. తెలియనంతకాలమే అది సాక్ష్యం.

పేజ్‌ర్యాంక్ పత్రంలో వ్యాపారుల మోసాల గురించి కూడా ఒక చోట ఆలోచించారు. లింకులు కొనడం ఒక్కటే ప్రమాదమనీ, కానీ దానికి డబ్బు ఖర్చవుతుంది కాబట్టి అదుపులోనే ఉంటుందనీ వాళ్ళ అంచనా. మొదటిసారి చదివినప్పుడు నేను గట్టిగా నవ్వాను. డబ్బు ఖర్చవుతుంది కాబట్టి వ్యాపారులు చెయ్యరట! ఇరవై ఏళ్ళు దాటని కుర్రాళ్ళు కాదు, పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళు. అయితే వాళ్ళని తీసిపారెయ్యలేం. అప్పటికి మొదటి స్థానం విలువెంతో ప్రపంచంలో ఎవరికీ తెలీదు. దానికి ధర కట్టే రోజు అదే ఏడాది వచ్చింది. 1998లో బిల్ గ్రాస్ పెట్టిన గోటూ డాట్ కామ్ పై స్థానాన్ని బాహాటంగా వేలం వేసింది. ఎవరు ఎక్కువిస్తే వాళ్ళు ముందు. అదే ఏడాది బ్రిన్, పేజ్ తమ మరో వ్యాసం చివర, ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజన్ వెతికేవాళ్ళకన్నా ప్రకటనలిచ్చేవాళ్ళ వైపే మొగ్గుతుందని రాశారు. రెండేళ్ళకి, 2000లో, గూగుల్ ప్రకటనలమ్మడం మొదలుపెట్టింది.

2000 చివర్లో గూగుల్ టూల్‌బార్ వచ్చింది. అందులో ప్రతి పేజీకీ పేజ్‌ర్యాంక్ ఎంతో సున్నా నుంచి పది దాకా ఒక అంకెగా కనపడేది. సరుకు మీద ధర చీటీ అంటించినట్టయింది. ఏడు ర్యాంకున్న పేజీ నుంచి లింకుకి ఇంత, నాలుగున్న పేజీ నుంచి అయితే ఇంత. ఓక్లహోమాలో సెర్చ్‌కింగ్ అనే సంస్థ ఇలాంటి లింకుల బేరాలు నడిపింది. గూగుల్ దాని అంకె తగ్గించింది. వాళ్ళు కోర్టుకెళ్ళారు. 2003లో జడ్జి ఏమన్నాడంటే, ర్యాంకు అనేది ఒక అభిప్రాయం, అభిప్రాయం చెప్పడం వాక్‌స్వాతంత్ర్యం కిందికి వస్తుంది, కాబట్టి కేసు నిలవదు అని. ఈ తీర్పు గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. అభిప్రాయం అని ఒప్పుకున్నది కోర్టు కాగితాల్లో. తెనాలిలో మా అమ్మ ఫోన్‌లో మాత్రం అది అభిప్రాయంలా కనపడదు.

ఆ తర్వాత పదేళ్ళూ దొంగా పోలీసూ ఆటే. త్వరగా చెప్పేస్తాను. 2003 చివర్లో చాలామంది కూడబలుక్కుని ఒకే మాటతో లింకులు పెట్టి, ‘ఘోర వైఫల్యం’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు వెతికితే అధ్యక్షుడు బుష్ అధికారిక పరిచయం పైన వచ్చేట్టు చేశారు. 2005 జనవరిలో గూగుల్, యాహూ, మైక్రోసాఫ్ట్ కలిసి ‘ఈ లింకు ఓటు కాదు’ అని చెప్పే ఒక గుర్తు తెచ్చాయి. 2006 ఫిబ్రవరిలో బీఎండబ్ల్యూ వాళ్ళ జర్మన్ సైటు, యంత్రానికొక పేజీ మనిషికొక పేజీ చూపిస్తూ దొరికిపోయి కొద్దిరోజులు ఫలితాల్లోంచే మాయమైంది. 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ జేసీ పెన్నీ అనే పెద్ద దుకాణాల సంస్థ గుట్టు బయటపెట్టింది. గౌన్లు, దుప్పట్లు, తివాచీలు, ఏది వెతికినా వాళ్ళే మొదట ఉండేవాళ్ళు. వెనక చూస్తే సంబంధంలేని సైట్లలో కుప్పలకొద్దీ కొన్న లింకులు. గూగుల్ చెయ్యి వేశాక, సాయంత్రం ఏడింటికి ఒక రకం సూట్‌కేసులకి మొదటి స్థానంలో ఉన్నవాళ్ళు రెండు గంటల్లో 71కి పడిపోయారు. తమకేమీ తెలీదని చెప్పి, తమ కోసం పనిచేస్తున్న సెర్చ్ సలహా సంస్థని పెన్నీ తీసేసింది. తీసేసినవాళ్ళ జాబితాలో ఎప్పుడూ మాలాంటివాళ్ళే ఉంటారు.

గార్ఫీల్డ్ సొంత ఇల్లు కూడా తప్పించుకోలేదు. ఆయన సైటేషన్ లెక్కల నుంచి పుట్టిన ఇంపాక్ట్ ఫాక్టర్‌తో ప్రొఫెసర్ల ఉద్యోగాలూ ప్రమోషన్లూ ముడిపడ్డాక, తమ వ్యాసాల్నే తాము ఉదహరించుకుని అంకె పెంచుకునే జర్నల్స్ తయారయ్యాయి. అతిగా చేసినవాటిని ఆ జాబితాలోంచి కొంతకాలం పక్కన పెడుతుంటారు.

*

నేను ఈ కథలోకి వచ్చింది 2010లో. ఎంఏ తెలుగు చేసి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ, హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసులో ‘కంటెంట్ రైటర్’గా చేరాను. రోజుకి ఎనిమిది వ్యాసాలు, ఒక్కోటి నాలుగొందల మాటలు, ఇంగ్లీషులో. చూడని దేశాల్లో కప్పులు ఎలా వేయించుకోవాలి, వాడని కుక్క సబ్బుల్లో ఏది మంచిది. ప్రతి వంద మాటల్లో చెప్పిన మాట మూడుసార్లు రావాలి. ఒక వ్యాసం రాశాక దాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేస్తే పర్యాయపదాలు మార్చి ఇరవై వ్యాసాలు చేసేది. ‘బిగ్ ఆపిల్’ అని న్యూయార్క్‌ని పిలుస్తారు కదా, అది ‘లావు పండు’ అయి వచ్చిన రోజు అందరం కడుపుబ్బా నవ్వుకున్నాం. అదీ అచ్చేశారు.

అప్పట్లో అమెరికాలో ఈ పనిని పెద్ద ఎత్తున చేసింది డిమాండ్ మీడియా. జనం ఏం వెతుకుతున్నారో లెక్క తీసి, ఆ ప్రశ్నకి సరిపడా వ్యాసం చవగ్గా రాయించి, పక్కన ప్రకటనలు పెట్టేది. అంతకుముందు రాసేవాళ్ళు రాస్తే వెతికేవాళ్ళు వెతుక్కునేవాళ్ళు. ఇప్పుడు వెతుకులాట ముందు, రాత తర్వాత. 2011 జనవరిలో ఆ కంపెనీ షేర్ మార్కెట్టుకెక్కింది. ఫిబ్రవరిలో గూగుల్ ‘పాండా’ అనే మార్పు తెచ్చింది. పాండా అంటే ఆ నలుపూ తెలుపూ జంతువు కాదు, ఆ పని చేసిన ఇంజనీర్ ఇంటిపేరు. అమెరికాలో 11.8 శాతం వెతుకులాటల మీద దాని ప్రభావం పడిందని గూగులే చెప్పింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో, కొన్న లింకుల పని పట్టడానికి ‘పెంగ్విన్’ వచ్చింది.

మా ఆఫీసులో పాండా ప్రభావం నూటికి నూరు శాతం. మార్చి నెల జీతం ఏప్రిల్ చివర్లో సగం ఇచ్చి ఆఫీసు మూసేశారు. నిజం చెప్పొద్దూ, నాకు కోపం రాలేదు. ఆ వ్యాసాలు ఎవరైనా చదువుతున్నారన్న స్పృహే లేదప్పుడు. యంత్రం కోసం రాశాం, యంత్రం తీసేసింది. మధ్యలో మనిషెవరూ లేనట్టే ఉండేది.

*

ఇదంతా ఇంగ్లీషు కథ. అదే కాలంలో తెలుగు ఎక్కడుంది?

లేదు. పైన కాదు, కింద కాదు, అసలు వరుసలోనే లేదు. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చినప్పుడే అందులో తెలుగుకి చోటుంది. కానీ చోటుండటం వేరు, కాపురం పెట్టడం వేరు. మన పత్రికలు వెబ్‌లోకి వచ్చేనాటికి ఒక్కొక్కరిదీ ఒక్కో సొంత ఫాంటు. కంటికి తెలుగే. లోపల దాచింది మాత్రం ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగాపులగం. సెర్చ్ ఇంజన్ చదివేది లోపలిదాన్నే. దానికి ఆ సంపాదకీయాలూ కథలూ సినిమా వార్తలూ అన్నీ పిచ్చిరాతలు. కొందరైతే పేజీని బొమ్మగా పెట్టేసేవాళ్ళు. ఇంకో పక్క రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు లిపిలో తెలుగు రాసుకునేవాళ్ళు. ఇన్ని రకాలుగా రాసింది ఉంది, వెతికితే దొరికేది లేదు.

2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చింది. కానీ తెలుగు సరిగ్గా కనపడాలంటే ఎక్స్‌పీ సీడీ పెట్టి ఇంకేవో ఫైళ్ళు ఎక్కించాలి. ఇంటర్నెట్ సెంటర్ అబ్బాయిని బతిమాలితే సీడీ లేదనేవాడు. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలైంది. లేఖిని వచ్చింది. పాత ఫాంట్ల పేజీల్ని యూనికోడ్‌లోకి మార్చి చూపించే ‘పద్మ’ అనే ఉపకరణాన్ని ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కి తగిలించుకునేవాళ్ళం. సాహిత్య పత్రికలు నడిపినవాళ్ళు పాత సంచికల్ని ఒక్కొక్కటిగా యూనికోడ్‌లోకి మార్చుకున్నారు. జీతం లేని పని, రాత్రిళ్ళు కూర్చుని. తెలుగు పేజీల ర్యాంకు పెంచినవాళ్ళెవరు అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది వాళ్ళ గురించే. వాళ్ళు పెంచింది ఒక పేజీ ర్యాంకు కాదు, భాషకి వరుసలో నిలబడే హక్కు.

నిలబడ్డాక కూడా చిక్కులు తక్కువేం కాదు. ఇంగ్లీషులో ఒక ఊరి పేరు ఎక్కడైనా అదే. మనకి తెనాలి, తెనాలిలో, తెనాలికి, తెనాలినుంచి. మాట మాటగా పోల్చే యంత్రానికి ఇవి నాలుగు ఊళ్ళు. హైదరాబాద్ అని కొందరు, హైదరాబాదు అని కొందరు. ఇక పేజీ చిరునామాలో తెలుగు పెడితే, ఒక్క ‘క’ తొమ్మిది గుర్తులుగా విప్పుకుంటుంది. ‘తెలుగు’ అన్న మాట ఒక్కటే యాభై నాలుగు గుర్తులు. ఎవరికైనా పంపిస్తే వైరస్ అనుకుని తెరవరు. వెతికేవాళ్ళలో సగంమంది ఇంగ్లీషు లిపిలోనే కొడతారు. అందుకే మా సైట్లలో శీర్షిక రెండు లిపుల్లోనూ, చిరునామా ఇంగ్లీషులోనూ పెట్టడం ఆనవాయితీ అయింది.

2018లో గూగుల్ ప్రకటనల పథకం యాడ్‌సెన్స్ తెలుగు పేజీలకి కూడా వర్తించింది. అప్పటిదాకా సరదాకో పట్టుదలకో రాసే తెలుగుకి ఒక్కసారి రేటు వచ్చింది. పది నెలలు కూడా తిరక్కుండా ఆరోగ్యం, వాస్తు, సినిమా, రాశిఫలాల సైట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. అలాంటి ఒకదాంట్లో నేను మళ్ళీ చేరాను. ఈసారి తెలుగులో రాయొచ్చన్న సంతోషంతో చేరాను. అది దాచడమెందుకు?

మెంతుల వ్యాసాన్ని మూడు వారాలు ఎలా పైకి తెచ్చామంటే: షుగర్, చక్కెర వ్యాధి, మధుమేహం, డయాబెటిస్, జనం ఏ పేరుతో వెతికినా తగిలేలా నాలుగు మాటలూ శీర్షికల్లో పెట్టాం. ఓనర్‌వే ఇంకో ఐదు సైట్లుంటే వాటినుంచి లింకులిచ్చాం. వాట్సాప్ గుంపుల్లో తిప్పాం. వారానికోసారి తేదీ మార్చి కొత్తదని చూపించాం. ఇంగ్లీషులో ఈ పాచికలు ఏనాడో చెల్లకుండా పోయాయి. ఆరోగ్యం, డబ్బు లాంటి విషయాల్లో రాసినవాళ్ళెవరో, వాళ్ళకి అర్హత ఏమిటో చూడమని గూగుల్ తన ఫలితాల్ని పరీక్షించే మనుషులకిచ్చే సూచనల్లో అప్పటికే ఉంది. 2018 ఆగస్టులో వచ్చిన పెద్ద మార్పు దెబ్బ ఇంగ్లీషు ఆరోగ్య సైట్లకి గట్టిగా తగిలింది. మా పేజీ మాత్రం కదల్లేదు.

ఎందుకు కదల్లేదో ఆలోచిస్తే నాకు తోచింది ఒకటే. కదిలి ఎవరికి చోటివ్వాలి? షుగర్ గురించి తెలుగులో మంచిగా రాసిన డాక్టర్లు లేకపోలేదు. వాళ్ళ పుస్తకాలు విశాలాంధ్ర షాపుల్లో అట్టలు వెలిసిపోయి ఉంటాయి. వాళ్ళ కాలమ్స్ పాత ఫాంట్లతోపాటు మునిగిపోయాయి, లేదా స్కాన్ చేసిన బొమ్మలుగా ఎక్కడో పడున్నాయి. పదేళ్ళపాటు భాష మొత్తం కనపడకుండా పోయిన చోట, ముందుగా వచ్చి దుప్పటి పరుచుకున్నవాళ్ళం మేము. పదిమంది పరిగెత్తాల్సిన పందెంలో ఇద్దరే ఉంటే, కుంటుతున్నవాడికి కూడా కప్పు వస్తుంది. యంత్రం ఉన్నవాళ్ళలో మొదటివాడెవరో చెప్పింది, అంతే. రానివాళ్ళ సంగతి దానికేం తెలుసు?

*

మూడో రోజు పొద్దున అమ్మకి చెప్పాను, అది రాసింది నేనేనని. తిడుతుందనుకున్నాను. ఆవిడ మొహం వెలిగిపోయింది. “నువ్వే రాశావా! అయితే ఇంక అనుమానమెందుకురా?” అంది. పక్కింటి పిన్నిని పిలిచి చూపించబోయింది.

నాకు డాక్టరీ తెలీదని, అది ఎక్కడినుంచో ఎత్తి రాశానని, ఆ సైటుకి కావలసింది ఆవిడ ఆరోగ్యం కాదని, పైన రావడానికి మేం చేసిన పనులివీ అని ఒక గంటసేపు చెప్పాను. మొత్తం విని, “మరి తప్పని తెలిసి పైన ఎందుకు పెడతారు?” అంది. ఇంతకుముందు ఇన్ని పేజీల్లో చెప్పిందంతా ఆ ప్రశ్నకి జవాబే. కానీ ఆ రోజు నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు. పండగ వెళ్ళగానే గుంటూరు తీసుకెళ్ళి మూడు నెలల షుగర్ పరీక్ష చేయిస్తే 9.4 వచ్చింది. డాక్టరు మాత్ర మోతాదు పెంచాడు. మెంతులు తింటే తినండి, మాత్ర మాత్రం మానకండి అన్నాడు. ఆయన చెప్పిన ఆ ఒక్క వాక్యం నా ఎనిమిదొందల మాటల వ్యాసంలో ఎక్కడా లేదు.

ఆఫీసుకొచ్చి ఆ పేజీ తీసేయమని అడిగాను. బాగా చదువుతున్న పేజీ ఎలా తీస్తామన్నారు. చివర్లో ‘వైద్యుల సలహా తీసుకోగలరు’ అని చిన్న అక్షరాల్లో కలిపారు. మార్చిలో నేను మానేశాను. ఏడాది తర్వాత చూస్తే ఆ పేజీ రెండో పేజీలోకి జారింది. సంతోషించే లోపలే పైన ఉన్న కొత్త పేజీ తెరిచి చూశాను. వేరే సైటు, వేరే బొమ్మ, రెండో పేరాలో “మన పెద్దలు ఏదీ ఊరికే చెప్పలేదు”.

ఇప్పుడు ఆ పేజీలు కూడా ఎవరూ తెరవక్కర్లేదు. 2024లో గూగుల్ ఫలితాలకన్నా పైన, ఏఐ రాసిన జవాబు ఒక పెట్టెలో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ ఆగస్టులో హిందీ, ఇంగ్లీషుల్లో మన దేశానికీ వచ్చింది. ఆ పెట్టెలో తమ పేరు ఉండేలా ఎలా రాయాలో నేర్పే కోర్సులు అమీర్‌పేటలో అప్పుడే గోడలెక్కాయి.

మొన్న రాత్రి అమ్మ ఫోన్ చేసి, ఏదో చదివి వినిపించడం మొదలుపెట్టింది. కాకరకాయ రసం గురించి. రెండో వాక్యం దగ్గర ఆపి, ఎవరు రాశారమ్మా అన్నాను. కాసేపు ఏమీ వినపడలేదు. పైకీ కిందకీ జరుపుతున్నట్టుంది.

“పేరేం లేదురా.”

“రాత్రి మాత్ర వేసుకున్నావా?”

“వేసుకున్నాలే,” అంది. “మొత్తం.”